చాక్లెట్ ఊరి ఎలుగుబంట్లు

అమెరికా, కెనడాల్లో ఐస్ హాకీలో పెద్ద పీట నేషనల్ హాకీ లీగ్‌ది. దాని తర్వాతి మెట్టు అమెరికన్ హాకీ లీగ్. పై లీగ్ జట్లు ఎక్కువగా న్యూయార్క్, బోస్టన్, టొరంటో వంటి మహానగరాలవి. కింది లీగ్ జట్లకు అంత భరోసా ఉండదు. జనం రాకపోతే మూతపడతాయి, లేదంటే యజమాని జట్టును మూటగట్టుకుని ఇంకో ఊరికి పోతాడు. అలాంటి లీగ్‌లో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని హెర్షీ అనే చిన్న ఊరి జట్టు 1938 నుంచీ ఊరు మారకుండా, పోటీ మానకుండా ఆడుతూనే ఉంది. పేరు హెర్షీ బేర్స్, అంటే ఎలుగుబంట్లు. ఊరి జనాభా పద్నాలుగు వేలకు అటూ ఇటూ. 2024 నాటికి ఆ జట్టు గెలిచిన కాల్డర్ కప్‌లు, అంటే లీగ్ విజేతకు ఇచ్చే కప్‌లు, 13. ఆ లీగ్‌లో అన్ని కప్‌లు ఇంకెవరికీ లేవు.

ఈ జట్టు కథలో ఆటకు సంబంధించినవి ఎన్ని విశేషాలున్నాయో, ఆటతో సంబంధం లేనివీ అన్ని ఉన్నాయి.

జట్టు ఎవరిది?

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఇదే. హెర్షీ బేర్స్ యాజమాన్యం ఎవరిదని వెతుక్కుంటూ వెళితే చివరికి చేరేది ఒక బడికి.

ఈ ఊరిని నిలబెట్టిన చాక్లెట్ వ్యాపారి మిల్టన్ హెర్షీ పెద్దగా చదువుకోలేదు. నాలుగో తరగతితో బడి ఆగిపోయింది. ఫిలడెల్ఫియాలో మిఠాయి దుకాణం పెట్టి నష్టపోయాడు, న్యూయార్క్‌లో పెట్టి మళ్లీ నష్టపోయాడు. చివరికి లాంకాస్టర్‌లో కారమెల్ మిఠాయిలతో నిలదొక్కుకున్నాడు. 1900లో ఆ వ్యాపారాన్ని పది లక్షల డాలర్లకు అమ్మేసి, తాను పుట్టిన చోటికి దగ్గర్లోనే, పాడి పశువులు మేసే పచ్చిక నేలల మధ్య చాక్లెట్ ఫ్యాక్టరీ కట్టడం మొదలుపెట్టాడు. పాల చాక్లెట్‌కు పాలు దగ్గర్లోనే దొరకాలి కదా. ఫ్యాక్టరీ చుట్టూ ఊరు లేచింది. ప్రధాన వీధి పేరు చాక్లెట్ అవెన్యూ, దాన్ని దాటే వీధి కోకో అవెన్యూ. వీధి దీపాలకు ఆయన కంపెనీ 'కిస్సెస్' చాక్లెట్ల ఆకారం.

మిల్టన్, కిట్టీ దంపతులకు పిల్లలు లేరు. 1909లో అనాథ బాలుర కోసం బడి పెట్టారు. 1915లో కిట్టీ చనిపోయింది. 1918లో మిల్టన్ చాక్లెట్ కంపెనీలోని తన వాటానంతా ఆ బడి ట్రస్టుకు రాసిచ్చేశాడు. అప్పట్లోనే దాని విలువ సుమారు ఆరు కోట్ల డాలర్లు. ఈ సంగతి ఆయన ఎక్కడా చెప్పుకోలేదు. అయిదేళ్ల తర్వాత, 1923లో పత్రికలు బయటపెడితే గానీ లోకానికి తెలియలేదు. దాతృత్వం గురించి ఎన్నో కథలు వింటాం కానీ, ఇచ్చి అయిదేళ్లు ఊరుకున్న మనిషి అరుదు.

బేర్స్‌ను నడిపేది హెర్షీ ఎంటర్‌టైన్‌మెంట్ అండ్ రిసార్ట్స్ అనే సంస్థ. ఊళ్లోని వినోదాల పార్కు, హోటళ్లు కూడా దానివే. ఆ సంస్థ మొత్తం ట్రస్టు సొత్తు. ట్రస్టు ఉన్నది బడి కోసం. పేదింటి పిల్లలకు తిండి, బట్ట, వసతి, చదువు అన్నీ ఉచితంగా ఇచ్చే ఆ బడి ఈనాటికీ నడుస్తోంది, సుమారు రెండు వేల మంది చదువుతున్నారు. బేర్స్‌ను కొనుక్కుని వేరే నగరానికి తరలించుకుపోయే ఆసామికి ఇక్కడ చోటు లేదు. ఈ జట్టు ఇన్నేళ్లు నిలవడానికి అసలు కారణం ఇదేనని నా గట్టి నమ్మకం.

పేరు వెనక కథ

హెర్షీలో హాకీ 1930ల మొదట్లో వచ్చింది. 1932లో ఊరి జట్టు ఏర్పడింది. అప్పుడు దాని పేరు 'బార్స్'. చాక్లెట్ బార్ల ఊరు కాబట్టి ఆ పేరు పెట్టి, పలికేటప్పుడు ఎలుగుబంటి కూడా గుర్తొచ్చేలా అక్షరాల మధ్య ఓ చిన్న గుర్తు తగిలించారు. ఆటగాళ్ల పేరుతో సరుకు ప్రచారం ఏమిటన్న విమర్శలు రావడంతో 1936లో బేర్స్‌గా మార్చారు. రెండేళ్ల తర్వాత జట్టు ఇప్పటి లీగ్‌లో చేరింది. నాటి నుంచి ఆ లీగ్‌లో ఎడతెగకుండా ఉన్న జట్లలో ఇదే అన్నిటికంటే పాతది.

మూడున్నర అంగుళాల కప్పు

1930లలో అమెరికా అంతా ఆర్థిక మాంద్యం. మిల్టన్ హెర్షీ పనివాళ్లను ఇంటికి పంపించకుండా వాళ్లచేత ఊళ్లో కట్టడాలు కట్టించాడు. హోటల్, సముదాయ భవనం, స్టేడియం, వాటితోపాటు హాకీ కోసం ఒక అరీనా. 1936 డిసెంబరు 19న అది తెరుచుకుంది. సీట్లు 7,286. అప్పటి ఊరి జనాభా కంటే ఎక్కువ.

నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది ఆ భవనం కప్పు. లోపల నిలబడి చూస్తే ఒక్క స్తంభం కూడా అడ్డు రాదు. మంచు పలక ఈ చివరి నుంచి ఆ చివరి దాకా, ఏ సీట్లోంచి చూసినా ఆట మొత్తం కనిపిస్తుంది. పైన పీపాను నిలువునా కోసి బోర్లించినట్టుండే కాంక్రీటు వంపు. దాని మందం పలచని చోట మూడున్నర అంగుళాలు, అంటే తొమ్మిది సెంటీమీటర్లే. అంత వెడల్పును అంత పలచని పెంకుతో కప్పడం అమెరికాలో అప్పటికి కొత్త. ఆ విద్యను జర్మనీ నుంచి తెచ్చిన ఇంజినీరు ఆంటన్ టెడెస్కో దాన్ని రూపొందించాడు. కట్టింది మాత్రం ఎక్కువగా ఊరివాళ్లే. అలాంటి పని అంతకుముందు చేసిన అనుభవం వాళ్లకు లేదు.

టెడెస్కో తర్వాతి కాలంలో ఏం చేశాడో తెలుసా? ఫ్లోరిడాలో చంద్రయాత్ర రాకెట్లను నిలబెట్టి బిగించేందుకు నాసా కట్టించిన బ్రహ్మాండమైన భవనం నిర్మాణ రూపకల్పనలో ఆయనది ముఖ్య పాత్ర. అపోలో వ్యోమగాములను చంద్రుడి మీదికి మోసిన సాటర్న్ రాకెట్లను ఆ భవనంలోనే బిగించారు.

ఊరికి అంత అండగా నిలిచిన మిల్టన్ హెర్షీ తన జట్టు కాల్డర్ కప్ గెలవడం చూడలేదు. ఆయన 1945లో పోయాడు. మొదటి కాల్డర్ కప్ 1947లో వచ్చింది.

  

హాకీ అరీనాలో బాస్కెట్‌బాల్ చరిత్ర

అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్‌లో ఒక్కడే 100 పాయింట్లు చేసిన ఘనత విల్ట్ చాంబర్లిన్‌ది. అది జరిగింది ఫిలడెల్ఫియాలో కాదు, న్యూయార్క్‌లో కాదు. 1962 మార్చి 2న హెర్షీలో, బేర్స్ ఆడుకునే ఆ అరీనాలోనే. చాంబర్లిన్ జట్టు ఫిలడెల్ఫియా వారియర్స్ కొత్త అభిమానుల కోసం తమ మ్యాచ్‌లు కొన్ని హెర్షీలో ఆడేవారు. ఆ రాత్రి న్యూయార్క్ నిక్స్ మీద 169-147తో గెలిచారు. చూసినవాళ్లు 4,124 మంది. టీవీ కెమెరా ఒక్కటీ లేదు. ఆ మ్యాచ్ వీడియో ప్రపంచంలో ఎక్కడా లేదు.

చాంబర్లిన్‌కు ఫ్రీ త్రోలు అంటే చేతకాని పని అని పేరు. తన జీవితం మొత్తం మీద వేసినవాటిలో సగమే పడ్డాయి. ఆ రాత్రి మాత్రం 32 వేస్తే 28 పడ్డాయి.

ఆయన చేతిలో '100' అని రాసిన కాగితం పట్టుకున్న ఫొటో మీరు చూసే ఉంటారు. ఆ అంకె రాసింది జట్టు లెక్కలు చూసే హార్వీ పొలాక్. తీసింది వార్తా ఫొటోగ్రాఫర్ పాల్ వాథిస్. ఆయన ఆ రోజు డ్యూటీ మీద రాలేదు, కొడుకు పుట్టినరోజని వాణ్ని మ్యాచ్‌కు తీసుకొచ్చాడు. పాయింట్లు పెరుగుతుంటే చరిత్ర జరగబోతోందని గ్రహించి, కారు దగ్గరికి పరిగెత్తి కెమెరా తెచ్చుకున్నాడు. అదే ఏడాది ఆయనకు పులిట్జర్ బహుమతి కూడా వచ్చింది, అయితే అది కెనడీ, ఐసెన్‌హోవర్ కలిసి నడుస్తున్న మరో ఫొటోకు.

ఆ అరీనా ఒక కష్టకాలాన్నీ చూసింది. 1979 మార్చి చివర్లో దగ్గర్లోని త్రీ మైల్ ఐలాండ్ అణు విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగింది. అయిదు మైళ్ల లోపల ఉన్న గర్భిణులు, బడి ఈడు రాని పిల్లలు ఊళ్లు విడిచి వెళ్లాలని గవర్నర్ సూచించాడు. అలా వచ్చినవారికి ఆశ్రయం ఇచ్చిన చోటు హెర్షీ అరీనా. పక్ అనే హాకీ బిళ్ల పరుగులు తీసే హాలు ఆ రోజుల్లో మంచాలతో నిండింది.

ముప్పై అయిదేళ్లు నిలిచిన మనిషి

ఫ్రాంక్ మేథర్స్ కెనడాలోని విన్నిపెగ్‌లో పుట్టాడు. నేషనల్ హాకీ లీగ్‌లో ఆయన ఆడింది 23 మ్యాచ్‌లే. అంతటితో చాలామంది పేరు మరుగున పడుతుంది. 1956లో ఆయన ఆటగాడూ కోచ్ రెండూ తానే అయి హెర్షీకి వచ్చాడు. ఆ జోడు పాత్రలోనే 1958, 1959ల్లో వరసగా రెండు కప్‌లు గెలిపించాడు. ఆడటం మానేశాక కోచ్‌గా, ఆ తర్వాత మేనేజర్‌గా, జట్టు అధ్యక్షుడిగా 1991 దాకా కొనసాగాడు. ఆయన ఉన్న ముప్పై అయిదేళ్లలో ఆరు కప్‌లు వచ్చాయి. 1992లో హాకీ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ను చేర్చుకుంది. పై లీగ్‌లో 23 మ్యాచ్‌లు ఆడినవాడు ఐస్ హాకీ దిగ్గజాలు గ్రెట్స్కీ, గార్డీ హోల సరసన నిలిచాడంటే అదంతా హెర్షీలో చేసిన పనికి దక్కిన గౌరవమే.

రెండో మెట్టు అంటే

మన రంజీ ట్రోఫీకీ జాతీయ జట్టుకీ ఉన్న సంబంధమే ఈ రెండు లీగ్‌లకూ ఉందనుకోండి. తేడా ఏమిటంటే, ఇక్కడ పై లీగ్‌లోని ప్రతి జట్టుకూ కింద ఒక అనుబంధ జట్టు ఉంటుంది. పైన ఎవరికైనా దెబ్బ తగిలితే కిందివాడికి ఫోన్ వస్తుంది. వాడు అప్పటికప్పుడు సంచి సర్దుకుని వెళ్లాలి. నేషనల్ హాకీ లీగ్ ఆటగాళ్లలో పది మందికి దాదాపు తొమ్మిది మంది ఈ మెట్టు ఎక్కి వచ్చినవాళ్లే.

బేర్స్ ఇలా ఎన్నో పెద్ద జట్లకు ఆటగాళ్లను తయారుచేసి పంపింది. 1984 నుంచి 1996 వరకు ఫిలడెల్ఫియా, ఆ తర్వాత 2005 వరకు కొలరాడో, అప్పటి నుంచి వాషింగ్టన్ క్యాపిటల్స్. 2018లో క్యాపిటల్స్ తొలిసారి స్టాన్లీ కప్, అంటే పై లీగ్ విజేతకు ఇచ్చే కప్, గెలిచినప్పుడు గోల్ కాచిన బ్రేడన్ హోల్ట్‌బీ, రక్షణ శ్రేణికి మూలస్తంభమైన జాన్ కార్ల్‌సన్ ఇద్దరూ హెర్షీ మంచు మీద రాటుదేలినవాళ్లే.

ఆటగాళ్లే కాదు, కోచ్‌లూ అంతే. నేషనల్ హాకీ లీగ్ ఉత్తమ కోచ్‌కు ఇచ్చేది జాక్ ఆడమ్స్ అవార్డు. హెర్షీలో కోచ్‌గా పనిచేసి, వాషింగ్టన్‌కు వెళ్లి, ఆ అవార్డు అందుకున్నవారు ముగ్గురు: 1984లో బ్రయాన్ ముర్రే, 2008లో బ్రూస్ బూడ్రో, 2025లో స్పెన్సర్ కార్బెరీ.

వీళ్లలో బూడ్రో కథ వేరే చెప్పాలి. దాదాపు పదిహేనేళ్లు చిన్న లీగ్‌ల్లో కోచ్‌గా ఊరూరూ తిరిగాడు. 2006లో హెర్షీకి కప్ తెచ్చాడు. 2007 నవంబరులో, థాంక్స్ గివింగ్ పండగ పూట పొద్దున్నే ఫోన్ మోగింది. వాషింగ్టన్ జట్టు అట్టడుగున ఉంది, వచ్చి చేపట్టమన్నారు. అప్పటికి ఆయన వయసు 52. ఆ సీజన్ ముగిసేసరికి జట్టు తన డివిజన్‌లో మొదటి స్థానంలో ఉంది. ఆయన జీవితంలో ఓ సినిమా ముచ్చట కూడా ఉంది. కుర్రాడిగా జాన్స్‌టౌన్‌లో ఆడే రోజుల్లో అక్కడే తీసిన పాల్ న్యూమన్ హాకీ సినిమా 'స్లాప్ షాట్'లో కాసేపు ఆటగాడిగా కనిపిస్తాడు.

మరికొన్ని

1988లో కప్ కోసం జరిగే ప్లేఆఫ్స్‌లో బేర్స్ ఆడినవి 12 మ్యాచ్‌లు. గెలిచినవీ 12.

1997లో హెర్షీకి కప్ గెలిపించిన కోచ్ బాబ్ హార్ట్‌లీ నాలుగేళ్లకు కొలరాడోతో స్టాన్లీ కప్ గెలిచాడు.

చాలాకాలం కాల్డర్ కప్‌ల రికార్డు క్లీవ్‌లాండ్ బారన్స్ పేరిట తొమ్మిదిగా ఉండేది. ఆ జట్టు ఎప్పుడో కనుమరుగైంది. బేర్స్ 2006లో దాన్ని అందుకుని, 2009లో దాటేసింది.

2009-10 సీజన్‌లో బేర్స్ 60 మ్యాచ్‌లు గెలిచి లీగ్ రికార్డు సృష్టించింది. వరసగా రెండో ఏడూ కప్ నిలబెట్టుకుంది.

2013 జనవరిలో ఊరి ఫుట్‌బాల్ స్టేడియంలో, ఆరుబయట, చలికాలపు ఆకాశం కింద మంచు పరిచి ఆడిన మ్యాచ్‌కు 17,311 మంది వచ్చారు. ఊరి జనాభా కంటే ఎక్కువ.

2002లో జట్టు పాత అరీనా విడిచి, పదివేలకు పైగా సీట్లున్న జెయింట్ సెంటర్‌కు మారింది. పాతది కూల్చలేదు, ఆ పలచని కప్పుతో అలాగే ఉంది.

లక్ష బొమ్మల వాన

హెర్షీ జట్టు పేరు హాకీ తెలియనివాళ్లకూ తెలిసింది ఈ బొమ్మల వాన వల్లే. ఏడాదికో మ్యాచ్‌కు ప్రేక్షకులు టెడ్డీ బేర్ బొమ్మలు పట్టుకొస్తారు. ఒక్కొక్కరు సంచుల నిండా తెస్తారు. ఒళ్లో పెట్టుకుని, కాళ్ల దగ్గర పేర్చుకుని, బేర్స్ తొలి గోల్ కోసం ఎదురుచూస్తారు. పక్ గోల్‌లోకి దూరిన క్షణం అన్ని వైపుల నుంచీ బొమ్మలు గాలిలోకి లేస్తాయి. గోధుమ రంగు, తెలుపు, గులాబీ, పిడికిలంతవి కొన్ని, మనిషంతవి కొన్ని. అద్దాల మీదుగా పడుతూనే ఉంటాయి. ఆటగాళ్లు వాటి మీద దొర్లుతారు, ఒకరినొకరు బొమ్మల్లోకి తోసుకుంటారు. తెల్లటి మంచు పూర్తిగా కనిపించకుండా పోతుంది. ఆట ఆపి, వలంటీర్లు పారలతో, బండ్లతో దిగి ఎత్తుతారు. ఎత్తినవాటిని లెక్కపెట్టి, ఆ ప్రాంతంలోని సేవా సంస్థల ద్వారా పిల్లలకు పంచిపెడతారు.

ఈ ఆచారం హెర్షీలో పుట్టలేదు. 1993 డిసెంబరులో కెనడాలోని కమ్లూప్స్ బ్లేజర్స్ అనే కుర్రాళ్ల జట్టు మొదలుపెట్టింది. కానీ దాన్ని ఈ స్థాయికి తెచ్చింది మాత్రం హెర్షీ. 2019లో 45,650 బొమ్మలు వచ్చాయి. 2024లో 74,599. 2025 జనవరి 5న లెక్క 1,02,343కి చేరింది. హాల్లో పట్టే జనం పదివేల చిల్లరే కాబట్టి, సగటున మనిషికి పది బొమ్మలు. ఆ హాల్లో కూర్చున్నవాళ్లలో కోటీశ్వరులు ఎందరుంటారు? చుట్టుపక్కల ఊళ్ల మామూలు కుటుంబాలే అన్ని కొని మోసుకొచ్చాయి.

ఎడారిలో గెలుపు

ఏడు మ్యాచ్‌ల దాకా సాగిన 2023 ఫైనల్ గురించి చెప్పకపోతే ఈ వ్యాసం వెలితిగా ఉంటుంది. ఒకవైపు లీగ్‌లోకెల్లా పాత జట్టు హెర్షీ. అవతలివైపు తన తొలి సీజన్ ఆడుతున్న కోచెల్లా వ్యాలీ ఫైర్‌బర్డ్స్. వాళ్ల ఊరు కాలిఫోర్నియా ఎడారిలో ఉంది. అక్కడ ఆడిన మొదటి రెండు మ్యాచ్‌ల్లో బేర్స్ ఒక్క గోల్ కూడా కొట్టలేకపోయింది. ఒకటి 5-0, ఇంకోటి 4-0. సొంతూరికి వచ్చి మూడు మ్యాచ్‌లూ గెలిచింది. ఆరోది మళ్లీ ఓడింది. ఏడో మ్యాచ్ ఆ ఎడారిలోనే, జూన్ 21న. నిర్ణీత సమయానికి 2-2. ఓవర్‌టైమ్‌లో మైక్ వెకియోని కొట్టిన గోల్‌తో కప్ హెర్షీకి దక్కింది. మరుసటి ఏడాది ఫైనల్లో మళ్లీ అవే రెండు జట్లు, మళ్లీ చివరి మ్యాచ్ ఓవర్‌టైమ్‌కు వెళ్లింది, మళ్లీ హెర్షీయే గెలిచింది. ఈసారి సొంత జనం కళ్లెదుట, మాట్ స్ట్రోమ్ గోల్‌తో. పదమూడో కప్ అదే.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే మన తెలుగు తల్లిదండ్రులు చాలామంది హెర్షీ చూసే ఉంటారు. న్యూయార్క్, వాషింగ్టన్, నయాగరాలు చుట్టే టూర్ బస్సులు ఎన్నో అక్కడి చాక్లెట్ వరల్డ్ దగ్గర ఆపుతాయి. చాక్లెట్లు కొనుక్కుని, ఫొటో దిగి, మళ్లీ బస్సెక్కుతారు. ఆ ఆవరణకు ఆనుకునే ఉంది జెయింట్ సెంటర్. అక్టోబరు నుంచి ఏప్రిల్ దాకా బేర్స్ అక్కడ ఆడుతుంది. మీ ప్రయాణం ఆ నెలల్లో పడితే సొంత కారులో వెళ్లండి, రాత్రికి ఊళ్లోనే ఆగి ఒక మ్యాచ్ చూసి రండి. లోపల చలిగా ఉంటుంది, స్వెట్టర్ మరిచిపోకండి.